మాపటి ఇంజను

మీ ఊరి మిల్లులో చివరి వంతు ఎవరిది?

ఆలోచించనక్కరలేదు. మీకు తెలుసు. మొదటి వంతు ఎవరిదో చెప్పడానికి కాస్త తడుముకుంటారేమో గాని, చివరిది ఎవరిదో అడగ్గానే మీ నోటికి వచ్చేస్తుంది. ఏ చట్టంలోనూ లేని, ఏ గోడ మీదా అంటించని ఆ సంగతి మీకు ఎవరు చెప్పారు? నాకు మాత్రం ఒక మంచి మనిషి చెప్పాడు. ఈ మాట వెటకారానికి అనడం లేదు. ఆయన మంచివాడు కావడమే నా ఫిర్యాదు. చెడ్డవాడై ఉంటే పోట్లాడి ఏనాడో తేల్చుకునేవాణ్ణి.

ఆయన పోయిన కబురు నాకు నెల్లూరు బస్టాండులో తెలిసింది. విడవలూరు బస్సు దిగిన మా ఊరి రైతు ఒకాయన నన్ను చూసి, "మీ మిల్లు పెదనాయన తెల్లారి పోయినాడబ్బయ్యా. రేత్రి గాలివానకి స్తంభాలన్నీ పడిపోయినాయి. కరెంటు పోయింది, ఆయనా పోయినాడు" అన్నాడు. రెండూ ఒక్కసారే పోయినందుకు ఆయన గొంతులో ఏదో తృప్తి కూడా వినిపించింది. మన వాళ్ళకు చావు పక్కన ఏదో ఒక శకునం ఉంటేగాని చావు పూర్తయినట్టుండదు. నేను అదే బస్సు తిరిగి వెళ్ళేటప్పుడు ఎక్కాను.

మా నాన్నకు అన్న వరస కాబట్టి నేను పెదనాయన అనేవాణ్ణి. ఊరంతా కూడా అలాగే పిలిచేది. సముద్రం నుంచి ఉప్పుగాలి నేరుగా వచ్చే ఊరు మాది. ఆ గాలికి ఇనుము ఊరికే తుప్పు పడుతుంది. ఆయన మిల్లులో మాత్రం ఇనుము అద్దంలా ఉండేది. పొద్దున్నే భుజం మీది తుండుగుడ్డ తీసి, ముందు ఇంజను తుడిచి, అదే గుడ్డతో తరువాత తన మొహం తుడుచుకునేవాడు. పెద్దమ్మ ఎంత మొత్తుకున్నా ఆ వరస మారలేదు.

కొత్తదంటే ఆయనకు చంటిపిల్లల మోజు. మా చుట్టుపక్కల మొదట జపాను పద్ధతిలో వరి నాటింది ఆయనే. తాడు పట్టుకుని సాళ్ళు తిన్నగా వస్తున్నాయా లేదా అని గట్టు మీద బోర్లా పడుకుని ఒక కన్ను మూసి చూసేవాడు. సీమ ఎరువు చల్లిందీ ఆయనే. రేడియో కొన్నదీ ఆయనే. అయితే ప్రతి కొత్త వస్తువుకూ గుమ్మంలోనే ఒక శిక్ష ఉండేది: పసుపు, కుంకుమ, నిమ్మకాయ. రేడియో మొహానికి ఎంత పసుపు పూశాడంటే స్టేషన్ల ముల్లు ఎక్కడుందో కనిపించేది కాదు. వ్యవసాయ కార్యక్రమం వచ్చేటప్పుడు మాత్రం దాని ముందు నిలబడి వినేవాడు. కూర్చోమంటే, "అంతదూరం నించి చెప్తా ఉండాడు గదా, కూచుంటే బాగుండదు" అనేవాడు.

ఆయన నోట అస్తమానూ ఒక మాట ఆడుతుండేది. "కొత్తది రానీ అబ్బయ్యా. పాతదాన్ని మాత్రం కదిలించబాక." దాన్ని ఎద్దుల బండికి రబ్బరు చక్రాలు వేయించినప్పుడు అన్నాడు. పంచాయతీ ఎన్నికల్లో గెలిచి సర్పంచి కుర్చీలో కూర్చున్నప్పుడూ అన్నాడు. ఆ మాట విని నవ్వేవాళ్ళం. నవ్వాల్సిన మాట కాదని తరువాత తెలిసింది.

మిల్లుకు మొదట ఆయిలింజను ఉండేది. దాన్ని నడిపేవాడు మస్తాన్. నెల్లూరు నుంచి వచ్చి మా ఊళ్ళోనే ఇల్లు కట్టుకున్న సాయిబు. ఇంజను పొగగొట్టం పైన ఒక రేకు డబ్బా బిగించి ఉండేది. ఇంజను ఆడినంతసేపూ ఆ డబ్బా 'టుక్కు టుక్కు' మని పొలాల మీదుగా పక్క ఊరి దాకా కేక పెట్టేది. అది వినబడితే మిల్లు తీసినట్టు. ఆడవాళ్ళు వడ్ల మూటలు నెత్తికెత్తుకునేవారు. గడియారం లేని ఊరికి అదే గడియారం.

తరువాత కరెంటు వచ్చింది. స్తంభాలు ఇంకా మా పొలాల్లోకి రాకముందే పెదనాయన మోటారు కొనుక్కొచ్చి గోనెసంచి కప్పి ఉంచాడు. కరెంటు ఇచ్చిన రోజున దానికి పసుపు పూసి, కొబ్బరికాయ కొట్టి, మీట నొక్కాడు. మోటారు సన్నగా మూలిగి తిరిగింది. బెల్టు కదిలింది. బియ్యం తీసే ఆ ఇనప మరను, అంటే హల్లరును, అది ఇంజను కన్నా సునాయాసంగా తిప్పింది. అందరం చప్పట్లు కొట్టాం.

మర్నాడు మిల్లుకు ఒక్కరూ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. పెదనాయన మిల్లు గుమ్మంలో నిలబడి దారికేసి చూశాడు. కడకు రోడ్డు మీద పోతున్న ఒకామెను కేకేసి అడిగాడు.

"ఏమ్మా, వడ్లు ఆడించుకోరా ఈ యేడు?"

"మిల్లు మూసేసినారు గదా పెదనాయనా!"

"ఎవరు చెప్పినారు?"

"ఎవరు చెప్పేదేంది? శబ్దం లేదు గదా!"

ఇంకొకడైతే దండోరా వేయించేవాడు. పెదనాయన లోపలికి వెళ్ళి, "మస్తానూ, ఇంజను ఎయ్యి" అన్నాడు. మస్తాన్ తెల్లబోయాడు. "మోటారుందిగా పెద్దాయనా?" "మోటారు ఆడిస్తది. ఇంజను పిలుస్తది" అన్నాడు పెదనాయన. అలా కొన్నాళ్ళు మా ఊళ్ళో కరెంటు మోటారు బియ్యం తీస్తుంటే, పక్కన బెల్టు లేని ఆయిలింజను నూనె తాగుతూ ఊరికే కేకలు పెట్టింది. నేను సెలవులకు వెళ్ళి ఆ వింత చూసి కడుపుబ్బా నవ్వాను. "నవ్వు నవ్వు" అన్నాడాయన. "కొత్తదానికి నోరు లేదు. పాతది నోరు అప్పిచ్చింది. తప్పేముంది?"

తప్పేమీ లేదు. జనం మోటారుకు అలవాటు పడ్డాక ఆ కేకలు ఆపేశాడు. అది వట్టి ముచ్చట. అసలు సంగతి వంతు.

మిల్లులో పొద్దున తలుపు తీయగానే మొదట పడేవి గుడి వడ్లు. దేవుడి తరువాత పెద్ద రైతులు, తరువాత చిన్న రైతులు, ఆ తరువాత చేతిపనుల వాళ్ళూ సాయిబులూ. దీపాలు పెట్టే వేళకు, అందరూ అయిపోయాక, వాడవాళ్ళు. కాగితం మీద దాని పేరు హరిజనవాడ. గాంధీగారు పేరు మార్చారు, మా ఊరివాళ్ళు పేరు వరకూ మార్చుకున్నారు. వాళ్ళు మధ్యాహ్నానికే వచ్చినా వేపచెట్టు కింద మూటలు పెట్టుకుని కూర్చోవలసిందే.

ఎందుకని అడిగితే పెదనాయన యంత్రం మూత తీసి మరీ వివరించేవాడు. ఆయనకు దాచుకోవడం తెలియదు. "చూడు. ఒకరి వడ్లు అయిపోయినాక కూడా లోపల గుప్పెడు నిలబడిపోద్ది. తరవాతోళ్ళవి పోసేసరికి ముందు అది బయటికొస్తది. అంటే ముందోళ్ళ గింజ వెనకోళ్ళ బియ్యంలో కలస్తది. ఇప్పుడు చెప్పు, వాడోళ్ళ వెనక ఎవరు పోస్తారు?"

"వాళ్ళ వెనక రాత్రి ఎవరూ ఉండరు సరే. పొద్దున్నే దేవుడుంటాడు కదా! ఆ గుప్పెడు దేవుడికి పోదా?"

"పిచ్చోడా! రేత్రి మిల్లు కట్టేసే ముందు మస్తాను ఊక ఏసి తిప్పుతాడు. ఊకతో అంతా ఊడ్చుకోని పోద్ది."

నేను చర్చల్లో ఆరితేరినవాణ్ణని ఆ రోజుల్లో నాకో నమ్మకం. పట్టు దొరికిందనుకున్నాను. "ఊకతో పోయే మైల అయితే పగలే ఊక వెయ్యొచ్చుగా పెదనాయనా? వాళ్ళు ఎప్పుడొస్తే అప్పుడు ఆడించి, వెనక రెండు చాటల ఊక వేస్తే సరిపోతుంది."

పెదనాయన నిజంగానే ఆలోచించాడు. అదీ ఆయనలోని మంచితనం. ఎదుటివాడి వాదాన్ని నోట్లో వేసుకుని నమిలేవాడు. వడ్ల గింజను కొరికినట్టు కొరికి, కాసేపటికి తృప్తిగా అన్నాడు:

"పొద్దున్నే ఊక యాడుంటది అబ్బయ్యా? వడ్లు ఆడితే గదా ఊక వచ్చేది!"

మిల్లు వెనక కొండంత ఊక గుట్ట ఉంది. మేమిద్దరం ఆ గుట్టకు ఆనుకునే నిలబడి ఉన్నాం.

ఆయన సర్పంచి కదా, ఆగస్టు పదిహేనున పంచాయతీ ఆఫీసు ముందు జెండా ఎగరేసి ఉపన్యాసం ఇచ్చేవాడు. మనుషులందరూ సమానమేనని, రాజ్యాంగం రాసినాయన ఎవరో మరవద్దని చెప్పేవాడు. చెప్తుంటే కళ్ళు చెమర్చేవి కూడా. ఒకసారి జెండా దగ్గర్నుంచి మిల్లు దాకా ఆయన పక్కనే నడిచి వచ్చి, "ఇందాక చెప్పిందేమిటి, ఇక్కడ జరిగేదేమిటి?" అని అడిగాను. ఆయనకు కోపం రాలేదు. ఆశ్చర్యం వేసింది. "అది పంచాయతీ ఆఫీసు. ఇది మిల్లు" అన్నాడు, రెండు వేరువేరు భవనాలని నేను గమనించలేదేమోనన్నట్టు.

ఆయన కొన్న కొత్త యంత్రం మీద పాత లెక్కే నడుస్తోంది. దేశం కొత్త రాజ్యాంగం తెచ్చుకుంది. దాని మీద కూడా ఆయన ఆ పాత లెక్కనే ఎక్కించి నడపగలిగాడు. ఎక్కడా చిన్న కిర్రుమన్న చప్పుడైనా లేదు. ఇంత నేర్పు గలవాళ్ళు దేశమంతటా ఉన్నారు. వాళ్ళలో చాలామంది మనకు బంధువులు.

కిర్రుమన్నది చెంగమ్మ దగ్గర.

చెంగమ్మ వాడలో ఉండే నాట్ల మేస్త్రి. ఆమె పిలిస్తేగాని కూలివాళ్ళు కదలరు. నోరు పెద్దది, నవ్వు అంతకంటే పెద్దది. ఆయిలింజను ఉన్నన్నాళ్ళూ వాళ్ళ వంతు ఎంత పొద్దుపోయినా, వచ్చేది. ఇంజనుకు నూనె పోసినంతసేపూ ఆడుతుంది. దానికి రాత్రీ పగలూ లేదు. కరెంటు అలా కాదు. పొద్దుగూకి ఊళ్ళలో దీపాలు వెలగగానే దాని బలం సగమయ్యేది. దీపాలు ఎర్రబడేవి. మోటారు మూలిగేదేగాని మరను లాగలేకపోయేది. అందరికంటే చివర వచ్చేవాళ్ళకు సరిగ్గా ఆ వేళే వంతు. పాత వంతు పాత ఇంజను మీద అవమానం మాత్రమే. కొత్త మోటారు మీద అది పస్తు అయింది. చాలా రోజులు వాడ ఆడవాళ్ళు మోసుకొచ్చిన వడ్లు మోసుకుని వెనక్కి పోయి, చీకట్లో రోట్లో దంచుకుని పొయ్యి రాజేసేవాళ్ళు. పిల్లలు అప్పటికే నిద్రపోయేవాళ్ళు.

"పగలు ఒక్క గంట ఇయ్యయ్యా. ఎల్తురుండగా వండుకుంటాం" అని చెంగమ్మ అడిగేది. "ఈసారి సూద్దాంలే చెంగమ్మా" అనేవాడు పెదనాయన. ఎంతో దయగా అనేవాడు.

ఒక మాఘమాసంలో చెంగమ్మ కూతురికి చిట్టమూరు వైపు నుంచి సంబంధం వచ్చింది. పిల్లవాడి వాళ్ళు మర్నాడు పిల్లను చూడటానికి వస్తారు, భోజనం పెట్టాలి. ఇంట్లో బియ్యం లేవు. వడ్లున్నాయి, ఎర్రవడ్లు. ఆమె మధ్యాహ్నమే వచ్చి వేపచెట్టు కింద కూర్చుంది. నేనూ ఆ రోజు మిల్లులోనే ఉన్నాను. దీపాల వేళకు ఆమె వంతు వచ్చింది. మస్తాన్ తొట్టిలో వడ్లు పోశాడు. నాలుగు చాటల బియ్యం వచ్చాయో లేదో, దీపం ఎర్రబడింది. బెల్టు జారింది. మర తన కడుపునిండా ఎర్రవడ్లతో ఆగిపోయింది.

"ఇప్పుడెట్టన్నా మస్తానూ?" అంది చెంగమ్మ.

"నేనేం చేసేదమ్మా? కరెంటోళ్ళకి చెప్పుకో."

"కరెంటోళ్ళు నాకు తెలవదు. రేపు సుట్టాలొస్తా ఉండారు. వాళ్ళకి నీ మోటారు కతలు వండిపెట్టేదా?"

ఆమె ఆ నాలుగు చాటలూ కొంగులో కట్టుకుని వెళ్ళింది. తెల్లవారకముందే మళ్ళీ వచ్చి కూర్చుంది.

తెల్లవారుతూనే గుడి గుమాస్తా బండిమీద మేలురకం మొలగొలుకుల వడ్లు తెచ్చాడు, దేవుడి నైవేద్యానికి. కరెంటు బాగా ఉంది. మస్తాన్ నిజాయితీగా చెప్పాడు: "అయ్యగారూ, లోపల రేత్రి వడ్లు నిలబడుండాయి. ఊక వేసి తీసేస్తా, ఆగండి."

గుమాస్తా మండిపడ్డాడు. "ఊకా? దేవుడికంటే ముందు ఊకా? పొద్దున మొదట దేవుడివి పడాల. ఇంకేమీ పడేదానికి లేదు. రివాజు ఉండాదా లేదా?"

రివాజు ఉంది. మస్తాన్ నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. దేవుడి వడ్లు తొట్టిలో పడ్డాయి. మోటారు మూలిగింది. ముందుగా బయటికి వచ్చినవి చెంగమ్మ ఎర్రబియ్యం. వాటి వెనకే తెల్లబియ్యం, వాటి నిండా ఎర్రగింజలు. మల్లెల్లో కుంకుమ చల్లినట్టుంది. గుమాస్తా రెండు అడుగులు వెనక్కి వేశాడు, బియ్యం కరుస్తుందేమోనన్నట్టు.

పెదనాయన పరుగెత్తుకొచ్చాడు. దోసిట్లోకి బియ్యం తీసుకుని ఊది చూశాడు. అలవాటుకొద్దీ ఒక గింజ నోట్లో వేసుకోబోయి, ఎర్రగింజ కావడంతో ఆగాడు. ఆ చెయ్యి అలా గాలిలో ఆగిపోవడం నేనింకా మరిచిపోలేదు. ఆకలి అన్నం కోసం చెయ్యి చాస్తే, లెక్క దాన్ని మణికట్టు దగ్గర పట్టుకుంది.

"ఇది దేవుడికి పనికిరాదు" అన్నాడు కడకు. "చెంగమ్మకి ఇచ్చెయ్యండి మొత్తం. గుడికి నా కొట్టు నించి ఇస్తా."

చెంగమ్మ బస్తా నెత్తికెత్తించుకుంది. గుమ్మం దాటాక వెనక్కి తిరిగి, "మస్తానన్నా, రేపు కూడా కరెంటు పోద్దా?" అని అడిగింది. మస్తాన్ నవ్వాపుకోవడానికి ఇంజను వెనక్కి పోయాడు.

ఆ మధ్యాహ్నం చిట్టమూరు చుట్టాలు మొలగొలుకుల అన్నం తిన్నారు. పిల్లవాడి తండ్రి రెండోసారి వడ్డించుకుంటూ, "మీ వాడలో రోజూ ఇదే తింటారా?" అని అడిగాడట. "దేవుడు ఎట్ట పెడితే అట్ట" అందట చెంగమ్మ. సంబంధం కుదిరింది.

ఇంత జరిగాక, బుద్ధున్న మనిషి ఏం చేస్తాడు? వంతు తీసేస్తాడు. ఎవరు ముందొస్తే వారికి ముందు ఆడిస్తాడు. దానికి పైసా ఖర్చు లేదు. నేను నెల్లూరు వెళ్ళి మా చర్చావేదికలో ఈ కథ చెప్పి, యంత్రమే తీర్పు ఇచ్చిందని ఉపన్యాసం కూడా దంచాను. మళ్ళీ ఊరికి వెళ్ళేసరికి పెదనాయన నా చెయ్యి పట్టుకుని మిల్లు వెనక్కి తీసుకుపోయాడు. అక్కడ కొత్తగా వేసిన తాటాకు పాక. పాకలో పాత ఆయిలింజను, దానికి బిగించిన పాత మర. లోపల మోటారుకు ఒక కొత్త మర కొన్నాడు.

"చూసినావా? నీ చెంగమ్మోళ్ళకి సొంత మిల్లు పెట్టినా. ఇంక కరెంటుతో పని లేదు. మాపు ఎంత పొద్దుపోనీ, నూనె నేను పోస్తా. ఒక్క పైసా ఎక్కువ తీసుకోను. వాళ్ళ గింజ వాళ్ళకే. ఎవరికీ బాధ లేదు. ఇప్పుడేమంటావు?"

ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. నా మెప్పు కోసం ఎదురుచూస్తున్నాడు. వంతు మార్చడానికి మనసు రాక, కొత్త మర కొని, పాక వేసి, నూనె పోయడానికి సిద్ధపడిన మనిషి! డబ్బు ఖర్చు పెట్టగలడు, శ్రమ పడగలడు. ఆ ఒక్కటి మాత్రం వదలలేడు. పిసినారి అయి ఉంటే ఆయన సంస్కర్త అయ్యేవాడు. మన దేశంలో కులం ఇంతకాలం నిలబడింది దుర్మార్గుల వల్ల కాదు. ఇలాంటి ఉదారుల వల్ల.

పాకలోంచి బయటికి వస్తుంటే వేపచెట్టు కింద చెంగమ్మ కూర్చుని ఉంది. "ఎట్టుంది చెంగమ్మా, మీ కొత్త మిల్లు?" అని అడిగాను.

"మిల్లు పెట్టినాడు చిన్నయ్యా" అంది, కొంగుతో ఈగలు తోలుకుంటూ. "వంతు పెట్టలేక."

పెదనాయన విన్నాడు. విననట్టు నటించే అలవాటు ఆయనకు లేదు. తుండుగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. ఆ ఒక్కసారే, ఇంజను తుడవకుండా ముందుగా మొహం తుడుచుకోవడం చూశాను.

అప్పట్నుంచి పొద్దున మోటారు, మాపున ఇంజను. మాపటేళ 'టుక్కు టుక్కు' మంటే వాడ ఆడవాళ్ళు మూటలు నెత్తికెత్తుకునేవారు. ఒకప్పుడు ఊరందరినీ పిలిచిన డబ్బా ఇప్పుడు ఒక్క వాడనే పిలిచేది. మిగతా ఊరికి ఆ చప్పుడు వినబడటమే మానేసింది. చెంగమ్మ ఎన్నేళ్ళు అడిగినా ఆ పగటి గంట రాలేదు. ఆమె మనవరాలు కూడా చీకటి పడ్డాకనే బువ్వ తినడం నేర్చుకుంది.

ఇక ఆయన చావుకు వస్తాను. పడిపోయిన స్తంభాలు పెద్దకర్మ దగ్గరపడినా లేవలేదు. ఊరందరికీ భోజనాలు. కొట్లో వడ్లున్నాయి, బియ్యం లేవు. ఆయన పెద్దకొడుకు తల పట్టుకున్నాడు. అప్పుడు మస్తానే చెప్పాడు, "ఇంజను ఉండాది గదా అబ్బయ్యా, దానికి కరెంటు అక్కర్లేదు" అని. పెద్దాయన పెట్టిపోయిన పాత ఇంజను సమయానికి అక్కరకొచ్చిందని చుట్టాలంతా కళ్ళు తుడుచుకున్నారు. కొట్టు నుంచి బండి కట్టేలోగా మస్తాన్ వెళ్ళి ఇంజను తిప్పాడు.

టుక్కు టుక్కు.

పట్టపగలు ఆ చప్పుడు వినబడేసరికి వాడ వాడంతా లేచింది. తమ ఇంజను మోగింది! ఏళ్ళ తరబడి అడిగిన పగటి గంట, పెద్దాయన పోతూ పోతూ ఇచ్చిపోయాడనుకున్నారో ఏమో! మూటలు నెత్తిన పెట్టుకుని పరుగున వచ్చి పాక ముందు బారు తీరారు. అందరికంటే ముందు చెంగమ్మ. కర్మ వడ్ల బండి పాక దగ్గరికి వచ్చేసరికి ఆమె వడ్లు తొట్టిలో పడి ఆడుతున్నాయి.

పెద్దకొడుకు, వెనకే పురోహితుడు, చుట్టాలు, నేను. అందరం ఆ పాక ముందు ఆగిపోయాం. ఆ గుమ్మం ముందు మాలో ఎవరమూ ఎప్పుడూ వంతుకు నిలబడలేదు.

"ఏందమ్మా ఇది? ఎవరు రమ్మన్నారు మిమ్మల్ని?" అన్నాడు పెద్దకొడుకు.

"ఇంజను రమ్మంది. ఇది మోగితే మా వంతేనని మీ నాయన చెప్పినాడు గదయ్యా" అంది చెంగమ్మ.

"నాయన కర్మకి బియ్యం కావాల."

"తెలుసు సామీ. పెద్దాయన పని, నేను కాదంటానా? నావి తీసి మీవే ముందు పోసుకోండి, నాకేం. పోసుకున్నా లోపల నిన్న మాపటేళ గుప్పెడు మాదే. మా ఎనకాల పోసుకున్నా మాదే. ఏదో ఒకటి తేల్చుకోండి, ఎండగా ఉంది."

పురోహితుడు ఊక వెయ్యమన్నాడు. మస్తాన్ తల అడ్డంగా తిప్పాడు. "వానకి ఊకంతా తడిసిపోయింది. తడి ఊక ఏస్తే ఇంజను ఆగిపోద్ది, ఆగితే మళ్ళా ఎప్పుడు స్టార్టవుద్దో చెప్పలేను అయ్యగారూ. దీనికీ పెద్దాయన వయసే."

పెద్దకొడుకు తండ్రి లాంటి వాడే. కర్మ రోజుల్లో ఎవరినీ గెంటించలేకపోయాడు. నిలబడ్డాడు. వాడ ఆడవాళ్ళ వెనక, తలమీద తుండుగుడ్డ వేసుకుని, ఎండలో, చివర. బారు నెమ్మదిగా కదిలింది. చెంగమ్మ తన బియ్యం తీసుకుని వెళ్ళిపోతూ, "ఎల్తురుండగానే అన్నం" అని ఎవరికో కేకేసి చెప్పింది. కర్మ బియ్యం వచ్చేటప్పుడు ముందుగా వచ్చినవి ఎర్రగింజలు. ఎవరూ ఏరలేదు. ఏరడానికి వేళ లేదు, వేరే బియ్యమూ లేవు.

మర్నాడు పిండం పెట్టారు. తెల్లటి ముద్దలో అక్కడక్కడా ఎర్రగింజ. కాకి వస్తుందా రాదా అని అందరూ చెట్లకేసి చూశారు. పెట్టీ పెట్టకముందే వచ్చి తన్నుకుపోయింది. "పెద్దాయనకి ఏ కోరికా మిగల్లేదు" అని జనం సంతోషించారు. నాకు కాకుల మీద నమ్మకం లేదు. కాని ఆ కాకి ఎర్రగింజను చూసి గాలిలో ఆగిపోలేదన్నది మాత్రం కళ్ళారా చూశాను. పెదనాయన చెయ్యి ఆగినట్టు ఆగలేదు.

ఇక్కడితో ఆపితే కథ బాగుంటుంది. మీరూ ఒకసారి నిట్టూర్చి పక్కకు పెట్టేస్తారు. అందుకే ఆపను. స్తంభాలు లేచాయి. కరెంటు వచ్చింది. పెద్దకొడుకు మోటారుకు పసుపు పూసి మీట నొక్కాడు. నేను ఊరు విడిచి వచ్చే ఉదయం బస్సు ఎక్కడానికి మిల్లు ముందు నుంచి నడిచాను. లోపల దేవుడి వడ్లు ఆడుతున్నాయి. బయట వేపచెట్టు కింద చెంగమ్మ మూట పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఇంత పొద్దున్నే వచ్చావేం?" అన్నాను.

"మొన్న పగలు ఆడినాయి గదా చిన్నయ్యా. ఇయ్యాల కూడా ఆడతాయేమోనని" అంది.

ఆమె నవ్వలేదు. నేను మొదటిసారి ఆమెను నవ్వు లేకుండా చూశాను.

పెదనాయన గురించి నాకు తెలిసింది ఇంతే. ఆయన పుట్టిన తేదీ, పొలం వివరాలు అడక్కండి. ఆయన మంచివాడని మీరు ఒప్పుకున్నారు కదా? మీరూ మంచివాళ్ళే. కాబట్టి ఒక పని చెయ్యండి. ఈసారి బియ్యం అయిపోయినప్పుడు మీ వడ్లు పాలేరు చేత పంపకండి. మీరే తీసుకువెళ్ళండి. మిల్లు ముందు చెట్టు కింద ఎవరు కూర్చున్నారో చూడండి. వాళ్ళు మీకంటే ముందు వచ్చారు. లేచి తొట్టి దగ్గరికి రమ్మని వాళ్ళను పిలవండి. మీరు వాళ్ళ వెనక నిలబడండి, పట్టపగలు, పదిమందీ చూస్తుండగా. మీ వంతు వచ్చినప్పుడు మిల్లువాడు ఊక చాట పైకెత్తుతాడు. వాడి చెయ్యి పట్టుకోండి. ఊక వెయ్యనివ్వకండి.